'మీ లింకు మేం పెడతాం, మా లింకు మీరు పెట్టండి': ఈ మెయిళ్లతో ఏం చేయాలి?

తిరుపతిలో ట్రావెల్స్ నడిపేవాళ్లకు, చిత్తూరులో మామిడి పల్ప్ ఎగుమతి చేసేవాళ్లకు, మదనపల్లెలో స్కూలు పెట్టుకున్నవాళ్లకు సొంత వెబ్‌సైట్ ఉండడం ఇప్పుడు మామూలైపోయింది. నమాజ్ వేళలు, జకాత్ వివరాలు పెట్టుకోవడానికి చిన్న సైట్లు చేయించుకున్న మసీదు కమిటీలూ ఉన్నాయి. సైట్ మొదలైన కొన్నాళ్లకే ఇంగ్లీషులో ఒక మెయిల్ వస్తుంది. 'మీ సైట్ చూశాం, చాలా బాగుంది. మా లింకు మీ సైట్‌లో పెట్టండి, మీ లింకు మేం పెడతాం' అని. పంపినవాళ్ల సైట్ ఏందా అని చూస్తే, ఎక్కడో విదేశంలో కుక్కల మేత అమ్మేదో, ఇంటి పైకప్పు రిపేరు చేసేదో అయి ఉంటుంది. తోతాపురి పల్ప్‌కూ దానికీ ఏం సంబంధం?

ఏ సంబంధమూ లేదు. ఎందుకంటే మీ సైట్‌ను ఎవరూ చూడలేదు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ అంతా తిరిగి, కనిపించిన ప్రతి సైట్‌లో మెయిల్ అడ్రసు, 'మమ్మల్ని సంప్రదించండి' ఫారం వెతుక్కుంటుంది. ముందే రాసిపెట్టిన ఉత్తరంలో మీ సైట్ పేరు ఇరికించి పంపేస్తుంది. మీరు పలక్కపోతే నాలుగు రోజులకు 'నా మెయిల్ చూశారా?' అని ఇంకోటి, వారానికి మూడోది వస్తాయి. అవి కూడా ఆ సాఫ్ట్‌వేర్ పనే.

వీళ్లకు లింకు అంత ముద్దెందుకు?

పెళ్లి సంబంధం వస్తే మనం ఏం చేస్తాం? అబ్బాయి ఉండే మొహల్లాలో నలుగురిని అడుగుతాం. వాళ్లు మంచిగా చెబితే నమ్ముతాం. 1998లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ గూగుల్‌ను దాదాపు ఇదే లెక్క మీద కట్టారు. ఒక సైట్‌కు ఎంతమంది లింకు ఇచ్చారు, ఆ ఇచ్చినవాళ్లకు ఎంత పరపతి ఉంది అని చూసి, సెర్చ్‌లో ఎవరిని పైన చూపించాలో తేల్చేవారు. దాని పేరు పేజ్‌ర్యాంక్.

దీంతో వ్యాపారం మొదలైంది. 'నువ్వు మావాడి గురించి మంచిగా చెప్పు, నేను మీవాడి గురించి చెప్తా' అన్న బేరం అన్నమాట. గూగుల్ ఊరుకోలేదు. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, ఇట్లా లింకులు పోగేసుకున్న సైట్లను సెర్చ్‌లో కిందికి తోసేసింది. ర్యాంకు కోసం మితిమీరి లింకులు మార్చుకోవడం తప్పని దాని స్పామ్ నియమాల్లో పేరుపెట్టి రాసి ఉంది. 2022 డిసెంబర్ నుంచి ఇలాంటి లింకులను స్పామ్‌బ్రెయిన్ అనే వ్యవస్థతో పట్టి, వాటికి విలువ లేకుండా చేస్తోంది. అంటే మార్చుకున్నా లాభం దాదాపు సున్నా, నష్టం మాత్రం రావచ్చు.

ఇది తెలిసే కొందరు మూడు మూలల బేరం పెడతారు. మీరు వాళ్ల ఒక సైట్‌కు లింకు ఇస్తే, వాళ్లు వేరే సైట్ నుంచి మీకు ఇస్తారట. ఎదురెదురు లింకులు కనబడవు కాబట్టి గూగుల్ పట్టుకోదని వాళ్ల నమ్మకం. 'మా డొమైన్ అథారిటీ 60' అని గొప్పలు కూడా చెబుతారు. ఆ మార్కులు వేసేది మోజ్ అనే ప్రైవేటు కంపెనీ. గూగుల్ వాటిని వాడదు.

జవాబివ్వకపోతే మర్యాద తప్పినట్టా?

మనవాళ్లలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. సలాం చెప్పినవాళ్లకు జవాబు చెప్పకుండా ఉండలేం. 'మీరు బాగున్నారని ఆశిస్తున్నా' అని మొదలెట్టినవాళ్లకు కనీసం 'వద్దండీ, థ్యాంక్స్' అని రాద్దామనిపిస్తుంది. అయితే ఆ పలకరింపు వెనక మనిషి లేడు. మీ 'వద్దండీ' వాళ్లకు చెప్పే సంగతి ఒక్కటే: ఈ అడ్రసు పనిచేస్తోంది, ఇక్కడ మెయిల్ చదివేవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత మెయిళ్లు తగ్గవు, ఇంకా పెరుగుతాయి. ఇక్కడ మౌనంగా ఉండడం తప్పు కాదు. కింద ఉండే 'అన్‌సబ్‌స్క్రైబ్' కూడా ముక్కూమొహం తెలియనివాళ్ల మెయిల్లో నొక్కొద్దు. స్పామ్ అని గుర్తు పెట్టి వదిలేయండి.

జీమెయిల్ వాడేవాళ్లు ఫిల్టర్ పెట్టుకోవచ్చు. 'లింక్ ఎక్స్‌చేంజ్', 'గెస్ట్ పోస్ట్', 'బ్యాక్‌లింక్' అన్న మాటలు ఇంగ్లీషులో టైప్ చేసి, అవి ఉన్న మెయిళ్లు ఇన్‌బాక్స్‌కు రాకుండా వేరే లేబుల్‌లోకి వెళ్లేలా చేయాలి. నేరుగా డిలీట్ పెట్టొద్దు. గల్ఫ్ నుంచి పల్ప్ ఆర్డర్ కోసం రాసిన అసలు మెయిల్ కూడా పొరపాటున అందులో పడొచ్చు. పదిరోజులకోసారి ఆ లేబుల్ తెరిచి చూస్తే చాలు. ఇక ఫారం ద్వారా వచ్చేవాటికి మీ సైట్ చేసిన కుర్రాణ్ణి అడిగి క్యాప్చా పెట్టించండి. మనుషులకు కనబడని ఒక ఖాళీ గడి పెట్టించినా పనవుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా నింపి దొరికిపోతుంది. ఈ చిట్కాను హనీపాట్ అంటారు.

లింకు ఇచ్చాక జరిగేది

మన కుటుంబాలు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని నేననేది ఇందుకే. ఉమ్రా ప్యాకేజీల సైట్ ఒకటి అనుకోండి. మూడేళ్ల కింద ఎవరో అడిగితే 'పార్ట్‌నర్స్' అని అడుగున ఒక వంట వంటకాల సైట్ లింకు పెట్టారు. ఆ సైట్ యజమాని రెన్యువల్ కట్టలేదు, డొమైన్ ఎవరో కొనుక్కున్నారు. ఇప్పుడు అదే అడ్రసులో బెట్టింగ్ యాప్, లేకపోతే వడ్డీ లోన్ల యాప్ నడుస్తోంది. మీ పేజీలో మాత్రం లింకు అట్లాగే ఉంది. హజ్‌కు పోవాలని మీ సైట్ తెరిచిన పెద్దాయన, మీరు చూపించారన్న నమ్మకంతోనే దాన్ని నొక్కుతాడు.

హరామా హలాలా అన్నది అటుంచినా, చట్టం సంగతీ ఉంది. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని, బెట్టింగ్‌ను నిషేధించారు. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలతో పాటు వాటి ప్రకటనలను కూడా నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది. తెలియక ఉండిపోయిన లింకుకు ఎవరికో సంజాయిషీ చెప్పుకునే పరిస్థితి ఎందుకు?

కాబట్టి ఈ వారం ఒక గంట కూర్చుని మీ సైట్‌లో బయటికి పోయే లింకులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూడండి. ఎందుకు పెట్టారో గుర్తురానిది తీసేయండి. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. అందులో 'మాన్యువల్ యాక్షన్స్' తెరిస్తే గూగుల్ మీ సైట్‌పై చర్య తీసుకుందో లేదో తెలుస్తుంది. మీకు సంబంధం లేని సైట్లు మీకు లింకులు ఇస్తున్నట్టు కనబడినా కంగారుపడకండి. వాటిని గూగుల్ చాలావరకు పట్టించుకోదు. వాటిని కాదనడానికి డిసవౌ అనే సాధనం ఉంది గానీ, చర్య తీసుకున్నట్టు నోటీసు వస్తే తప్ప దాని జోలికి పోవద్దు.

డబ్బిస్తాం, లింకు పెట్టండి అనేవాళ్లూ ఉంటారు. ప్రకటనగా ఒప్పుకుంటే అది ప్రకటన అని చదివేవాళ్లకు తెలిసేలా రాయాలి, లింకుకు 'స్పాన్సర్డ్' గుర్తు పెట్టించాలి. 'మేమే పెట్టుకుంటాం, లాగిన్ ఇవ్వండి' అంటే మాత్రం అక్కడితో ఆపేయండి. 'డబ్బు కట్టకపోతే మీ సైట్‌కు చెడ్డ లింకులు పెట్టి ముంచేస్తాం' అని బెదిరించే మెయిళ్లూ వస్తాయి. కట్టొద్దు. మెయిల్ దాచిపెట్టి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు ఇప్పటికే పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అన్నీ దొంగవే అనుకోనక్కర్లేదు. శ్రీకాళహస్తి కలంకారీ మీద మీరు రాసిన ఫలానా పేజీ చదివి, అందులో ఫలానా అద్దకం గురించి అడిగి, తన దుకాణం అడ్రసు, ఫోన్ నంబరు ఇచ్చి రాసినవాడు మనిషే. అతనికి ఫోన్ చేసి మాట్లాడండి. అతని పేజీ మీ దగ్గరికొచ్చే వాళ్లకు పనికొస్తుందనిపిస్తే, అతను తిరిగి మీకు లింకు ఇచ్చినా ఇవ్వకపోయినా, పెట్టండి.