రంగం అల్లుడు

తేగలు కాలేదాకా మీరు ఊరికే కూర్చోరు గదా, సరే వినండి. కొత్తల్లుడు మొదటి సంక్రాంతికి అత్తారింటికి పోతే కొత్త బట్టలు పెడతారు, అరిసెలు పెడతారు, మరదళ్ళు చేరి ఏడిపిస్తారు. నాకు ఆ ముచ్చట తల నెరిశాక తీరింది. ఎందుకంటారా, మీ నాయనమ్మ పుట్టిల్లు చీరాల కాదు. ఈ సముద్రానికి అవతలి ఒడ్డు. రంగూన్. మా పెద్దోళ్ళు రంగం అనేవాళ్ళు.

ఆమె వాళ్ళ ముత్తాతలది శ్రీకాకుళం వైపు. అటు కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి జనం ఓడల నిండా బర్మా పోయేవాళ్ళు. రేవులో మూటలు మొయ్యడానికి, రిక్షాలు లాగడానికి, బియ్యం మిల్లుల్లో పనికి, ఐరావతి డెల్టాలో వరి కోతలకి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా మనదేశపోళ్ళే. ఇక ఆ ఊరోళ్ళకి కడుపు మండదా? 1930లో రేవు పని దగ్గరే మన తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ గొడవ రేగి, ఊళ్ళో నెత్తురు పారింది. తప్పు ఎవరిదని నన్నడిగితే, ఇద్దరికీ చాలీచాలని కూలి ఇచ్చి పోటీ పెట్టిన దొరలదంటాను.

మీ నాయనమ్మ వాళ్ళ నాయన కూలి కాదులే. మొగల్ స్ట్రీట్‌లో చిన్న బట్టలకొట్టు. చీరాలతో చుట్టరికం అక్కడే కలిసింది. మా తాత గుంట మగ్గం మీద నేసిన లుంగీలు, తేలియా రుమాళ్ళు ఒకప్పుడు మద్రాసు షావుకార్ల చేతిమీదుగా బర్మా పోయేవి. ఆ రుమాలు సంగతి మీకు తెలవదు. నూలుని ఆముదపు కాయల బూడిద నీళ్ళల్లో, నూనెలో నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, మళ్ళీ ఎండబెట్టి, అట్టా రోజుల తరబడి చేస్తేగానీ ఎరుపు పట్టేది కాదు. రుమాలు మడత విప్పితే ఆ నూనె వాసన గది దాటి వసారాలోకి వచ్చేది. పెళ్ళై మా ఇంట్లో కాలు పెట్టిన రోజు మీ నాయనమ్మ ముక్కు ఎగబీల్చి, "ఇది మా కొట్టు వాసన" అంది. మా అమ్మ ఆ ఒక్క మాటకి పడిపోయింది.

వాళ్ళు ఇటు ఎట్టా వచ్చారంటే అది పెద్ద కథ. 1941 డిసెంబరు 23న జపానోళ్ళు రంగూన్ మీద బాంబులేశారు. లక్షల మంది కొండలూ అడవులూ పట్టుకుని నడిచారు, కొందరు అరకాన్ మీదుగా చిట్టగాంగుకి, కొందరు మణిపురానికి. మా మామగారు కుర్రాడుగా వాళ్ళ నాయనతో అట్టా నడిచినోడే. యుద్ధం అయిపోయాక మళ్ళీ పొయ్యాడు. 1948లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, కొట్టు నిలబడింది, 1950లో మీ నాయనమ్మ పుట్టింది. 1962లో నే విన్ అనే సేనాధిపతి గద్దెనెక్కాడు. 1964 మార్చిలో కొట్లన్నీ సర్కారువి అన్నారు. సోల్జర్లు వచ్చి గల్లాపెట్టె లెక్కరాసుకుని తాళాలు తీసుకున్నారంట. ఏమన్నా నోట్లు దాచుకున్నోళ్ళు ఉంటే, మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. చాట్ అంటే వాళ్ళ రూపాయి. ఇంకేం మిగిలింది? ఓడెక్కారు. విశాఖలో కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఉంది చూడండి, అట్టా వచ్చినోళ్ళదే.

ఓడెక్కే ముందు రేవులో తనిఖీ. పద్నాలుగేళ్ళ పిల్ల, చెవులకి దిద్దులున్నాయి. తీసి బల్ల మీద పెట్టమన్నారంట. అమ్మమ్మ ఇచ్చిన దిద్దులు. ఈ సంగతి ఆమె నాకు చెప్పింది కూడా ఒక్కసారే, వాళ్ళమ్మ పోయిన రోజు.

ఇదిగో ఈ ఒడ్డెంబడే కిందికి పోతే మోటుపల్లి. కాకతి గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో అక్కడ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు గాలివానకి కొట్టుకొచ్చిన ఓడలో సరుకంతా లాక్కునేవాళ్ళంట. నేనట్టా చెయ్యను, న్యాయమైన సుంకం తీసుకుని మిగతాది మీకే వదిలేస్తానని పరదేశి బేరగాళ్ళకి అభయం ఇచ్చాడు. బళ్ళో దాన్ని రాజుగారి గొప్పతనంగా బట్టీపట్టాను. మీ నాయనమ్మ దిద్దుల సంగతి విన్నాకే, ఆ రాతకి విలువ ఎవరికి తెలుసో నాకు తెలిసింది.

మామగారు చీరాలే ఎందుకొచ్చాడంటే, ఆయనకి తెలిసిన చిరునామా ఇక్కడ ఒక లుంగీల షావుకారుది. గుమాస్తాగా చేరాడు. 1970లో మా పెళ్ళి. ఆ ఏడే మనల్ని గుంటూరు నుంచి విడదీసి ఒంగోలు జిల్లాలో కలిపారు, రెండేళ్ళకి ప్రకాశం అన్నారు, 2022లో బాపట్ల అన్నారు. గడప దాటకుండా నేను మూడు జిల్లాలు తిరిగాను. ఆమె మాత్రం దేశమే మారింది, అయినా ఇక్కడ ఎవరన్నా మాట తూలినప్పుడల్లా "బర్మా వాళ్ళు" అనే అన్నారు. అక్కడున్నన్నాళ్ళూ "కలా" అన్నారంట, అంటే ఇండియా నుంచి వచ్చినోళ్ళని.

2013లో మీ నాన్న టికెట్లు కొన్నాడు. అప్పటికి అక్కడ సైన్యం పట్టు కాస్త సడలించింది. 2021 ఫిబ్రవరిలో మళ్ళీ వాళ్ళే లాక్కున్నారు. చీరాలలో రైలెక్కి కలకత్తా, అక్కణ్ణుంచి విమానం. సర్దుకుని కూర్చునేలోపే దిగమన్నారు. ఆమె అటు నుంచి వచ్చినప్పుడు ఓడలో రోజులకి రోజులు వాంతులే.

డాలర్లు పట్టుకెళ్ళాలి, అదీ మడత పడకూడదు. ఒక్క గీత ఉన్నా, మూల నలిగినా ఆ దేశంలో తీసుకోరు. మీ నాన్న వాటిని అట్టల మధ్య పెట్టి, పెళ్ళి పట్టుచీరలా అప్పగించాడు. అక్కడ డబ్బులు మార్చే పిల్ల ఒక్కో నోటూ దీపానికి ఎత్తి చూసి, ఒకటి వెనక్కి తోసింది. దాని మీద నాకైతే ఏం కనపడలా. మీ నాయనమ్మ ఏదో అంది బర్మాలో. ఆ పిల్ల తలెత్తి చూసి, నవ్వి, నోటు తీసుకుంది. ఏమన్నావే అంటే చెప్పలా.

కార్లు చూసి నాకు దడ పుట్టింది. 1970లో ఆ నే విన్ రాత్రికి రాత్రే బళ్ళన్నీ కుడివైపు నడపాలన్నాడంట. బళ్ళు కుడివైపే పోతున్నాయి, స్టీరింగేమో చానా వాటికి కుడిచేతి వైపే ఉంది. ముందు సీట్లో ఉన్నోడు దిగితే నడిరోడ్డు మీద దిగాలి!

డబ్బులు మార్చేచోట అన్న ఆ ఒక్క మాట తప్ప, మొదటి రోజు ఆమె బర్మా మాట్లాడాలంటే జంకింది. అన్నేళ్ళ తుప్పు గదా. రెండో రోజు పొద్దున టీ కొట్టుకి పొయ్యాం. జానెడు ఎత్తు స్టూళ్ళు, నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. కుర్రాడు ఎంతకీ రాలా. ఈమె పెదాలు బిగించి పసిబిడ్డని ముద్దుపెట్టుకున్నట్టు చప్పుడు చేసింది. నడిబజారులో! నేను సిగ్గుతో చచ్చాను. వాడు మాత్రం పరిగెత్తుకొచ్చాడు. అక్కడ టీ కొట్లో పిలుపు అదే. ఇక ఆ తర్వాత ఆమె నోరు ఆగలా. బల్ల మీద గ్రీన్ టీ ఊరికే ఇస్తారు, కూజాలో ఎంత తాగితే అంత. మన ఇంట్లో అన్నం తిన్నాక ఆమె పాలూ పంచదారా లేని టీ తాగితే కషాయమని మా అమ్మ వెక్కిరించేది గదా. అక్కడ ఊరుఊరంతా అదే తాగుతోంది.

మొహింగా అని పొద్దున్నే తింటారు. చేపల పులుసులో శనగపిండి, నిమ్మగడ్డి, అరటి దూట వేసి కాచి, బియ్యపు సేమ్యా మీద పోస్తారు. బాగానే ఉంది. ఙపి అని ఊరబెట్టిన చేపల ముద్ద ఉంది, దాని దగ్గర మాత్రం నా వల్ల కాలా. వాడరేవులో ఎండుచేపల పందిళ్ళ మధ్య పెరిగినోడివి, నీకేం రోగమని మీ నాయనమ్మ. ఆమె లొట్టలేసింది.

మొగల్ స్ట్రీట్ పేరు ఇప్పుడు ష్వే బొంతా. అడ్డవీధుల పేర్లు కూడా మార్చేశారు, డల్హౌసీ వీధి మహాబందూలా అయింది. కొట్టు ఉన్నచోట కళ్ళద్దాలు అమ్ముతున్నారు. లోపలికి పోదామా అన్నాను. "నాకు కళ్ళు బాగానే కనపడుతున్నాయి" అని ముందుకి నడిచింది. నేను మళ్ళీ అడగలా.

ష్వేడగాన్ గుడి ఉంది చూశారూ, బంగారపు రేకులు తాపిన స్తూపం, దాదాపు వంద మీటర్ల ఎత్తు. గుట్ట కిందే చెప్పులు విడవాలి. చుట్టూ వారానికో మూల. బుధవారానికి రెండు, పొద్దుటి పూటకొకటి, మాపటికొకటి, వెరసి ఎనిమిది. ఆదివారానికి గరుడ పక్షి, సోమవారానికి పులి, శనివారానికి నాగు. నువ్వు ఏ వారం పుట్టావో ఆ మూల బొమ్మకి చెంబుతో నీళ్ళు పొయ్యాలి. నేను ఏ వారం పుట్టానో నాకేం తెలుసు! అదే చెప్పాను. "శుక్రవారం. దీపాల వేళ. మీ అమ్మ నాకు పెళ్ళైన కొత్తలోనే చెప్పింది" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. శుక్రవారానికి పులీ కాదు సింహమూ కాదు, బొరియలో ఉండే ఓ ఎలక లాంటిది. దానికే పోశాను నీళ్ళు.

ఆ ఊళ్ళో తెలుగోళ్ళు ఇంకా ఉన్నారు. గుళ్ళో పరిచయమైన ఒక కుటుంబం భోజనానికి పిలిచింది. పిల్లలకి తెలుగు రాయడం రాదు, మాటలు మాత్రం పాత శ్రీకాకుళం మాటలు. "రండి అల్లుడుగోరు, బావున్నారేటి" అన్నారు. మా ఇంట్లో ఈమె "ఏటి" అన్నప్పుడల్లా మేం నవ్వేవాళ్ళం. అక్కడ నేను "ఏందండీ" అనగానే ఆడపిల్లలంతా పకపకా నవ్వారు. మరదళ్ళ బాకీ అట్టా తీరింది. లుంగీ పెట్టారు బట్టలకింద. నేతగాణ్ణి గదా, ముందు అంచు తిప్పి చూశాను. మిల్లుదే.

వచ్చేముందు స్కాట్ మార్కెట్‌కి పొయ్యాం. 1926లో కట్టింది, ఇప్పుడు బోజో ఆంగ్ సాన్ పేరు. కెంపులు, పచ్చరాళ్ళు గుట్టలు. మీ నాయనమ్మ ఎర్రరాళ్ళ దిద్దులు బేరం చేసింది, గంటసేపు, ముందు నెమ్మదిగా, తర్వాత కొట్టామెతో సమానంగా అరుస్తూ. కొనుక్కుని అక్కడే పెట్టుకుంది. విమానాశ్రయంలో సంచి తెరిచి చూశారు, నా తువ్వాలు దులిపి చూశారు, ఆమె చెవుల వైపు మాత్రం ఎవరూ చూడలా.

చీరాలలో కంసాలికి చూపిస్తే, రాళ్ళు ఏమంత మంచివి కావమ్మా, ఎక్కువ పెట్టావన్నాడు. "నీకెందుకు, శీల బిగించి ఇవ్వు" అంది. అవే మీ అక్క పెట్టుకు తిరిగేవి.