తమ్మ, తమ్ముడు, తంబి: ఒక బొద్దు అక్షరాల కుటుంబం



ఉగాది బ్యానర్ల మీద, పిల్లల పోటీల పోస్టర్ల మీద కార్టూన్ బొమ్మల్లా బొద్దుగా, గుండ్రంగా ఉండే తెలుగు అక్షరాలు మీరు చూసే ఉంటారు. అలాంటి ఫాంట్లలో ఒకదాని పేరు ‘బాలూ తమ్ముడు’. ముంబైలోని ఎక్ టైప్ బృందం 2015-16 ప్రాంతంలో దీన్ని తయారుచేసింది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది.

బాలూ అంటే ఎలుగుబంటి. దేవనాగరికి ఉట్టి బాలూ అనే పేరు. మిగతా లిపుల్లో దానికి తోబుట్టువులున్నారు. కన్నడానికి ‘తమ్మ’, తమిళానికి ‘తంబి’, మలయాళానికి ‘చేట్టన్’, ఒడియాకు ‘భైనా’. మొత్తం తొమ్మిది భారతీయ లిపులు, పైగా ఉర్దూ. తమ్మ, తమ్ముడు, తంబి మూడూ ఒకే మాట. మూడు రాష్ట్రాల్లో మన ఇళ్ళలో వినిపించే పిలుపే.

లిపి చరిత్ర కూడా అదే చెబుతుంది. ఒకప్పుడు తెలుగు, కన్నడ ఒకే లిపిలో రాసుకున్నాం. అది నెమ్మదిగా రెండుగా చీలింది. 19వ శతాబ్దంలో అచ్చు అక్షరాలు పోతపోశాక ఆ తేడాలు గట్టిపడ్డాయి. గ, ద, న, ర పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ప్రధానంగా తలకట్టులోనే. క, త, శ దగ్గరికి వచ్చేసరికి దారులు వేరవుతాయి.

తెలుగును లావుగా గీయడం తేలిక కాదు. పైన గుడి, కింద వత్తు, మధ్యలో చిన్న చిన్న ఖాళీలు. గీత మందమైతే ఘ, ఝ లాంటి వాటి కడుపులు పూడుకుపోతాయి. మద్రాసు సినిమా పోస్టర్ల కళాకారులు ఈ చిక్కును కుంచెతో, కంటి అంచనాతో తీర్చుకున్నారు. ఫాంటులో అయితే ప్రతి అక్షరానికీ, ప్రతి వత్తుకూ ముందే లెక్క తేల్చాలి. తర్వాత వచ్చిన ‘బాలూ 2’లో ఐదు మందాలున్నాయి కాబట్టి అవసరాన్ని బట్టి ఎంచుకోవచ్చు.

ఇదంతా మనకెందుకంటే, మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదువుతారు. రెండు లిపుల ఆహ్వానపత్రికలో స్థానిక భాష దర్జాగా, తెలుగు మూలన సన్నగా ఉంటే, మన లిపి చుట్టపుచూపుగా వచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే కుటుంబపు అక్షరాలు వాడితే రెండూ సమానంగా కూర్చుంటాయి.

అలాగని అన్నిటికీ వాడకండి. శ్రద్ధాంజలికీ, సమావేశం తీర్మానాలకూ ఇది నప్పదు. పేజీల కొద్దీ చదివించడానికీ పనికిరాదు. శీర్షికకు, పాటల పోటీకి, పిల్లల తరగతి గోడకు బాగుంటుంది.

ఈసారి తెలుగు తరగతిలో తమ్మ ‘గ’నూ, తమ్ముడి ‘గ’నూ పెద్దగా అచ్చువేసి పక్కపక్కన అంటించండి. కన్నడం వచ్చిన పిల్లవాడికి తెలుగు సగం వచ్చేసినట్టే. ఆ సంగతి మనం చెప్పనక్కర్లేదు, వాడే కనిపెడతాడు.