వండిన చేతికి వందనం



చలికాలం వచ్చిందంటే మన హోసూరు, కృష్ణగిరి సంతల్లో అనపకాయలు రాశులు పోస్తారు. ఆ గింజలను నానబెట్టి, రెండు వేళ్ల మధ్య ఒక్కొక్కటిగా నొక్కితే తోలు ఊడి పప్పు బయటికి జారుతుంది. అదే పితికిపప్పు. వేడివేడి రాగిసంగటిలోకి పితికిపప్పు కూర ఉంటే ఆ పూట మరింకేమీ అడగం. మరి, ఆ గింజను మొట్టమొదట పితికి చూసిన తల్లి ఎవరు? తెలుగువారిని అడిగినా, తమిళులను అడిగినా, కన్నడిగులను అడిగినా ఆమె పేరు చెప్పలేరు. ఊరికి చెరువు తవ్వించినవారికి శిలాశాసనం ఉంది. కూర కనిపెట్టినవారికి ఏముంది?

ఏమైనా ఉండాలని ఆలోచించిన ఊరు పూర్వం ఒకటి ఉండేదట. ఇటలీ దక్షిణ తీరంలో గ్రీకులు కట్టుకున్న ఆ నగరం పేరు సిబారిస్. అక్కడ ఎవరైనా వంటవాడు గొప్ప వంటకం కొత్తగా కనిపెడితే, ఏడాదిపాటు దాన్ని వండే హక్కు అతనికొక్కడికే ఉండేదని ఫిలార్కస్ అనే చరిత్రకారుడు రాశాడు. మంచి వంటవాళ్లకు కిరీటాలు కూడా పెట్టేవారట. క్రీస్తుపూర్వం 510లో ఆ నగరం నాశనమైపోయింది. భోగాలకు మరిగి చెడ్డారని తరువాతివాళ్లు నవ్వుకున్నారు. కాని వంటవాణ్ణి సభకు పిలవాలన్న వారి బుద్ధిని మాత్రం మనం నవ్వి తోసెయ్యలేం.

ఇక మన తెలుగునేలకు వద్దాం. గోదావరి సీమలో లంకల గన్నవరం అనే ఊరుంది. 1841లో పుట్టిన డొక్కా సీతమ్మగారు ఆ ఊరి కోడలు. ఏ వేళ ఎవరు ఆకలితో వచ్చినా, కులమడగకుండా పొయ్యి వెలిగించి అన్నం పెట్టిన ఇల్లాలు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి పిలుపు వచ్చినా ఆమె వెళ్లలేదనీ, దొరలు ఆమె ఫోటో తీయించుకుని వెళ్లారనీ అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. ఆమె 1909లో కన్నుమూశారు. తరువాత గన్నవరం దగ్గర గోదావరి పాయ మీద కట్టిన కొత్త అక్విడెక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికే ఆమె పేరు పెట్టింది. అన్నం పెట్టిన మనిషికి దక్కిన తగిన గౌరవం అది.

అందరికీ అలా దక్కలేదు. మద్రాసులో స్థిరపడిన మాలతీ చందూర్ గారు మీలో చాలామందికి తెలుసు. ఆవిడ రాసిన 'వంటలు పిండివంటలు' ఎన్నో ముద్రణలు పొందింది. కొత్తకాపురాలకు వెళ్లే ఆడపిల్లల పెట్టెల్లో చోటుచేసుకుంది. ఆవిడకు 1992లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, 'హృదయనేత్రి' నవలకు. ఆ నవల అందుకు తగినదే. కాని ఆ అవార్డు వంటల పుస్తకానికి వచ్చింది కాదు, గమనించండి.

ఈమధ్య కాలంలో కొంత మార్పు వచ్చింది. వంటలో పేరుగాంచిన తర్లా దలాల్ గారికి 2007లో, ఇంతియాజ్ ఖురేషీ గారికి 2016లో, మన తమిళనాడుకు చెందిన దామోదరన్ గారికి 2025లో పద్మశ్రీ ఇచ్చారు. వంటకాలకు కూడా భౌగోళిక గుర్తింపు అని ఒకటి వచ్చింది. తిరుపతి లడ్డుకు 2009లో, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో అది లభించింది. అయితే ఆ గుర్తింపు ఊరికీ, తయారీదారుల సంఘానికీ, సంస్థకీ చెందుతుంది. వండిన మనిషి పేరు అందులో ఉండదు.

ఇప్పుడు మన బడుల సంగతి. 1920లో మద్రాసు నగర కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించింది. అప్పటి అధ్యక్షుడు తెలుగువారైన పిట్టి త్యాగరాయ చెట్టి గారు. 1956లో కామరాజ్ గారు, 1982లో ఎం.జి.ఆర్. గారు ఆ పనిని రాష్ట్రమంతటికీ విస్తరింపజేశారు. 2022లో ఉదయం ఫలహారం కూడా మొదలయింది. ఈ పేర్లు మా పిల్లలు పరీక్షల్లో తప్పులేకుండా రాస్తారు. ఆ అన్నం వండేవారి పేరు అడిగితే తెల్లమొహం వేస్తారు.

పిల్లలనేమిటి, నా తప్పు నేను ఒప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక బడిలో పిల్లలు సాంబారులోని మునగాకు ఏరి పక్కన పెట్టేవారు. కొన్నాళ్లకు ఆకు పళ్లెంలో మిగలడం మానేసింది. ఏమిటా అని వంటింట్లోకి వెళ్లి చూశాను. వంటక్క ఆకును నూనెలో వేయించి, చేత్తో నలిపి సాంబారులో కలుపుతోంది.

"ఇదెవరు నేర్పించారక్కా?" అన్నాను.

"ఎవరు నేర్పిస్తారు సార్? పిల్లోళ్లు పారేస్తా ఉంటే మనసుకు బాధయింది. అంతే" అంది.

ఆ ఏడు వార్షికోత్సవంలో పాటకు, పరుగుకు, చేతిరాతకు బహుమతులిచ్చాం. జాబితా రాసినవాణ్ణి నేనే. ఆమె పేరు నాకు తోచలేదు. ఆనాడు అతిథులందరికీ వండి వడ్డించింది కూడా ఆమే. సిబారిస్‌లో అయితే ఆ మునగాకు సాంబారు మీద ఏడాది హక్కు ఆమెకు ఉండేది. మా బడిలో ఒక శాలువా కూడా లేకపోయింది. మరుసటి ఏడు జాబితాలో మొదట ఆమె పేరు రాశాను. వేదిక మీదికి పిలిస్తే కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పిల్లలు కొట్టినన్ని చప్పట్లు ముఖ్య అతిథికి కూడా కొట్టలేదు.

శ్రోతలారా, ఈసారి మీ ఊరి బడి పండుగకు వెళ్లినప్పుడు వంటింటి వైపు ఒకసారి చూడండి. అక్కడున్నవారి పేరు అడిగి తెలుసుకుని, నలుగురిలో చెప్పండి. మీ ఇంట్లో పితికిపప్పు ఉడికేనాడు, అది మీ అమ్మకు ఎవరు నేర్పారో అడిగి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. మొదట పితికిన తల్లి పేరు మనకు దక్కలేదు. మన ఇళ్లలో ఆ వంటను నిలిపినవారి పేర్లయినా మన పిల్లలకు దక్కనిద్దాం.

సెలవు.