ఓటు ఇచ్చింది పార్లమెంటు, పెత్తనం నేర్పింది నెట్‌బాల్

న్యూజిలాండ్ గురించి మన నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు, ముత్తుకూరు వైపు చదువుకున్నవాళ్లెవరిని అడిగినా రెండు సంగతులు చెబుతారు. ఒకటి క్రికెట్, రెండోది ఆడవాళ్లకు ప్రపంచంలో అందరికంటే ముందు ఓటు ఇచ్చిన దేశమన్న పేరు. రెండో మాట నిజమే. 1893 సెప్టెంబరు 19న చట్టం వచ్చింది. తెల్లవాళ్లతో పాటు ఆ నేల అసలు వాసులైన మావోరీ స్త్రీలకూ ఓటు దక్కింది. మన మద్రాసు రాష్ట్రంలో 1921లో వచ్చిన ఓటైనా ఆస్తి ఉన్న ఆడవాళ్లకే. అయితే ఈ కథను ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. ఓటు వేసిన ఆ స్త్రీలకు ఎన్నికల్లో నిలబడే హక్కు 1919 దాకా రాలేదు. మొదటి మహిళ పార్లమెంటులో అడుగుపెట్టింది 1933లో. మొదటి మావోరీ మహిళ ఇరియాకా రాతానా గెలిచింది 1949లో. మరి ఆ మధ్య కాలంలో ఈ దేశపు ఆడవాళ్లు నలుగురిని కూడగట్టి నడిపించడం, నిర్ణయం తీసుకోవడం, ఆ నిర్ణయానికి జవాబు చెప్పుకోవడం ఎక్కడ నేర్చుకున్నారు? చర్చి సంఘాల్లో, మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో కొంత నేర్చుకున్నారు. వాటితో సమానంగా నెట్‌బాల్ కోర్టులోనూ నేర్చుకున్నారని నా వాదన. నోలీన్ టౌరువా అనే క్రీడాకారిణి కోచ్‌గా ఎదిగిన తీరు చూస్తే ఆ పాఠం ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది.

ఈ ఆటను 1906లో న్యూజిలాండ్‌కు తెచ్చినవాడు జేమిసన్ అనే ప్రెస్బిటేరియన్ పాదిరి. అప్పట్లో దీన్ని ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ అనేవాళ్లు, నెట్‌బాల్ అన్న పేరు 1970లో స్థిరపడింది. బంతి చేతిలో ఉండగా పరుగెత్తకూడదు, మూడు సెకన్లలో వదిలెయ్యాలి, అడ్డుకునే అమ్మాయి మూడడుగుల దూరంలో నిలబడాలి. గోలు రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది, వెనక బోర్డు ఉండదు. ఇప్పటి ఏడుగురిలో రింగులోకి బంతి వెయ్యగలిగేది ఇద్దరే. ఎవరు ఎంతవరకు కదలవచ్చో ఒంటిమీది బిబ్ మీద అక్షరాలే చెబుతాయి. ఆడపిల్లల్ని అణకువగా ఉంచే ఆట అని అప్పటి పెద్దలు దీన్ని మెచ్చారు, రగ్బీ తమదనుకున్న మగవాళ్లు దీని జోలికి రాలేదు. దాంతో 1924లో జాతీయ సంఘం పుట్టినప్పుడు దాన్ని నడిపే బాధ్యతంతా ఆడవాళ్ల చేతికే వచ్చింది. పొట్లపూడి కోడలు పొణకా కనకమ్మ నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది దానికి ఒక్క ఏడాది ముందు, 1923లో. ఆడవాళ్లు తామే ఒక సంస్థను నిలబెట్టి, డబ్బు పోగుచేసి, తరతరాలు నడపడమంటే ఏమిటో మన జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

1938లో న్యూజిలాండ్ జట్టు తొలి అంతర్జాతీయ పోటీకి మెల్బోర్న్ వెళ్లింది. ఆస్ట్రేలియా చేతిలో 40-11తో చిత్తుగా ఓడింది. స్వదేశంలో తొమ్మిదిమందితో ఆడేవాళ్లు అక్కడ ఏడుగురితో ఆడాల్సి వచ్చింది మరి. కానీ ఆ జట్టు కెప్టెన్ మెగ్ మతాంగి అనే మావోరీ స్త్రీ. దానికి పదేళ్ల ముందు, 1928లో, రగ్బీ సంఘం దక్షిణాఫ్రికాకు జట్టును పంపుతూ అక్కడి తెల్లవాళ్ల మనసు నొవ్వకూడదని మావోరీ ఆటగాళ్లను ఇంట్లోనే వదిలేసింది. అందరూ మెచ్చిన జార్జ్ నేపియా కూడా వాళ్లలో ఉన్నాడు. 1960లో లక్షన్నర మందికి పైగా సంతకాలు పెట్టి వద్దన్నా మళ్లీ అదే పని చేసింది. ఈ దేశ చరిత్రను రగ్బీ కిటికీలోంచి చూసినవాళ్లకు కనిపించని దారి నెట్‌బాల్‌లో కనిపిస్తుంది.

ఆ దారిలో నడిచినవాళ్లలో లోయిస్ మ్యూర్ ఒకరు. బాస్కెట్‌బాల్, నెట్‌బాల్ రెండింటిలో దేశానికి ఆడి, 1974 నుంచి 1988 దాకా జాతీయ కోచ్‌గా 107 మ్యాచ్‌లలో 91 గెలిపించారు. తర్వాత కాలంలో మాజీ కెప్టెన్ వైమారమా తౌమౌను అనే మావోరీ స్త్రీ అదే పదవిలో కూర్చున్నారు. న్గాపుహి తెగకు చెందిన టౌరువా 1968లో పుట్టారు. 1994 నుంచి 1999 వరకు దేశం తరఫున 34 మ్యాచ్‌లు ఆడారు. ఆటలో గొప్ప తారగా ఆమెను ఎవరూ చెప్పుకోరు, ఆమె ప్రతిభంతా పక్కనుండి ఆడించడంలో బయటపడింది. ఐదుగురు పిల్లల తల్లిగా ఉంటూనే మ్యాజిక్ అనే జట్టుకు శిక్షణ ఇచ్చి, 2012లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఉమ్మడి లీగును గెలిపించారు. ఆ లీగు నడిచినన్నాళ్లూ ఈ దేశపు జట్టు గెలిచింది ఆ ఒక్కసారే. అయినా 2015లో జాతీయ కోచ్ పదవి ఆమెకు దక్కలేదు. ఆమె సముద్రం దాటి సన్‌షైన్ కోస్ట్ జట్టును 2017, 2018లో వరుసగా ఆస్ట్రేలియా విజేతగా నిలబెట్టారు. ఆ 2018లోనే కామన్వెల్త్ క్రీడల్లో న్యూజిలాండ్ మలావీ చేతిలో ఓడి, చివరికి పతకం కూడా లేకుండా తిరిగొచ్చింది. అప్పుడు పిలుపు వచ్చింది. టౌరువా దేహదారుఢ్యం విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. అంతర్జాతీయ ఆటకు స్వస్తి చెప్పిన కేసీ కోపువాను మళ్లీ రప్పించారు. ఆస్ట్రేలియా లీగులో ఆడుతున్నందుకు జాతీయ జట్టుకు దూరమైన లారా లాంగ్‌మన్‌ను నిబంధన సడలింపజేసి తెచ్చుకుని, ఆమెనే కెప్టెన్‌ను చేశారు. 2019 జులై 21న లివర్‌పూల్‌లో ప్రపంచ కప్ ఫైనల్ 52-51తో ముగిసింది. ఆస్ట్రేలియా మీద ఒక్క గోలు తేడాతో, పదహారేళ్ల తర్వాత కప్పు దక్కింది.

ఇదంతా ఒక ఆటను మోయడమేనని ఎవరైనా అనవచ్చు. నెట్‌బాల్ నిబంధనలే ఆడదాన్ని కట్టేసేవి కదా, అలాంటి చోట స్వేచ్ఛ ఎక్కడిది అన్న ప్రశ్నలో బలముంది. కట్టడి ఉన్నమాట నిజమే. కానీ ఆ గీతల లోపల అంపైరు, కార్యదర్శి, కోచ్, జట్టును ఎంపిక చేసేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. గీతలు ఎవరు గీశారన్నది ఎంత ముఖ్యమో, వాటి లోపల ఎవరి మాట చెల్లిందన్నదీ అంతే ముఖ్యం. 2015లో టౌరువాను కాదన్నదీ ఆ వ్యవస్థే కదా అన్నది రెండో అభ్యంతరం. అవును, అది తప్పుడు నిర్ణయమని నా అభిప్రాయం. అయితే మూడేళ్లలో దాన్ని దిద్దుకున్నదీ ఆ వ్యవస్థే. మూడో అభ్యంతరం ఇంకా కఠినమైనది. 2023లో టౌరువా జట్టు నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. 2025లో కొందరు క్రీడాకారిణుల ఫిర్యాదుల తర్వాత ఆమెను కొన్ని వారాలు పక్కన పెట్టి, తిరిగి తీసుకున్నారు. ఆ గొడవలో ఎవరిది న్యాయమో తేల్చేంత వివరం బయటకు రాలేదు. కానీ క్రీడాకారిణులు దేశమంతా పూజించే కోచ్ మీద గొంతెత్తితే సంఘం వినాల్సి వచ్చింది. నా వాదనకు ఇది అడ్డమని నేననుకోను. పెత్తనం నేర్చుకున్నచోటే దాన్ని ప్రశ్నించడమూ నేర్చుకుంటారు.

మన సంగతికొస్తే, తెలుగు ఆడపిల్లలు గెలవలేదని ఎవరూ అనలేరు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి, 2016లో రియోలో సింధు పతకాలు తెచ్చారు. సింధును అంతదాకా తెచ్చిన పుల్లెల గోపీచంద్ గొప్ప ఆటగాడు, అంతకంటే గొప్ప గురువు. మల్లీశ్వరి మాత్రం తన శిక్షణ కేంద్రం పెట్టింది హర్యానాలో, 2021లో క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యింది ఢిల్లీలో. దూబగుంటలో ఆడవాళ్లు కూడి సారా దుకాణాలు మూయించిన జిల్లా మనది. అలాంటి జిల్లాలో బళ్లో ఖోఖో, కబడ్డీ ఆడిన పిల్ల పాతికేళ్లకు విజిల్ పట్టుకుని అదే మైదానంలో నిలబడాలంటే ముందు ఆమెకు జీతమిచ్చే కోచ్ ఉద్యోగం ఉండాలి, ఎంపిక సంఘంలో ఆమెకో కుర్చీ ఉండాలి. జిల్లా క్రీడా సంఘాల జాబితాలు తీసి, ఆ కుర్చీల్లో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో ఎవరైనా లెక్క చూడాలి.