పగిలిన మడమల చరిత్ర

ఆడవాళ్ళ పాదాల గురించి మన సాహిత్యం తక్కువేమీ రాయలేదు. చిగురుటాకుల్లాంటి పాదాలు, లత్తుక దిద్దిన పాదాలు, అందెలు మోగే పాదాలు. పగిలిన పాదాలకి కావ్యగౌరవం దక్కింది మాత్రం మగవాడి విషయంలోనే. నరోత్తమదాసు బ్రజభాషలో రాసిన సుదామచరిత్రలో కృష్ణుడు మిత్రుడి పగిలిన కాళ్ళు చూసి కన్నీళ్ళు పెట్టుకుంటాడు. అటుకులు మూటకట్టి ఆ మిత్రుణ్ణి పంపిన ఇల్లాలి మడమలు ఎలా ఉన్నాయో ఎవరికీ అక్కర్లేకపోయింది.

వైద్యులు కొంత నయం. సుశ్రుత సంహిత దీనికి 'పాదదారి' అని పేరుపెట్టి క్షుద్రరోగాల్లో, అంటే చిన్నా చితకా జబ్బుల్లో చేర్చింది. అతిగా నడిచేవాళ్ళ కాళ్ళు ఎండి నెర్రెలు విచ్చుతాయంది. తేనెమైనం, కొవ్వు, మూలుగ, నెయ్యి, గుగ్గిలం కలిపి పట్టించమంది. మన ఇళ్ళలో ఆముదంలో పసుపు రంగరించి పెట్టుకోవడం, కొబ్బరినూనెలో మైనం కరిగించి రాసుకోవడం ఇలాంటి తెలివే. అరికాలి చర్మంలో చెమట గ్రంథులున్నాయి కానీ నూనె గ్రంథులు లేవు. ఎండి గట్టిపడ్డ తోలు మీద ఒళ్ళు బరువంతా పడితే అంచున చీలుతుంది. పైన జిడ్డు పొర ఉంటే లోపలి తడి ఆరిపోదు. ఇవాళ్టి క్రీములు చేసేదీ ఇదే. యూరియా కలిపినవైతే గట్టిపడ్డ చర్మాన్ని మెత్తబరుస్తాయి కూడా. కాళ్ళు కడిగి తుడుచుకున్న వెంటనే రాసుకుంటే ఫలితం ఎక్కువ. క్రీముతో నాకు తగాదా లేదు. నా బల్ల మీదా ఒక ట్యూబు ఉంది.

తగాదా అది మన దగ్గరికి వచ్చిన దారితో. 1859లో రాబర్ట్ చీజ్‌బ్రో పెన్సిల్వేనియా చమురు బావుల దగ్గరికి వెళ్ళాడు. డ్రిల్లింగు కడ్డీలకి పేరుకునే నల్లటి మైనాన్ని అక్కడి కూలీలు తెగిన గాయాలకీ కాలిన గాయాలకీ రాసుకోవడం చూశాడు. దాన్నే శుద్ధిచేసి 1872లో వాజిలిన్ పేరుతో పేటెంటు తీసుకున్నాడు. కూలీల చేతివైద్యం సీసాలోకి ఎక్కింది. 1929లో కలకత్తా నుంచి వచ్చిన బోరోలిన్ స్వదేశీ సరుకు కాబట్టి దాని కథలో కొంత ఆత్మగౌరవం కూడా ఉంది. టీవీ కాలానికి వచ్చేసరికి మడమ కోసమే ప్రత్యేకంగా క్రీములు అమ్మారు. ఆ ప్రకటనల్లో పట్టుచీర కట్టిన స్త్రీ కుచ్చిళ్ళ కింద కాళ్ళు దాచుకుంటుంది. నొప్పి ఊసు తక్కువ, సిగ్గు ఎక్కువ. అసలు ఆ పగుళ్ళు చూసి ఆమె ఎందుకు సిగ్గుపడాలి? అవి పనిమనిషి కాళ్ళలా ఉన్నాయనే కదా! జబ్బుకి కారణమైన శ్రమ అలా తెర మీంచి తప్పుకుంది, ఆ శ్రమ మీద చిన్నచూపు మాత్రం మిగిలింది.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో నాట్లేసే ఆడవాళ్ళు పొద్దంతా బురదలో వంగి ఉంటారు. గట్టెక్కగానే ఎండకి కాళ్ళ మీది బురద, దానితోపాటు చర్మం, ఎండిపోతాయి. చెప్పులు తొడుక్కోవచ్చు కదా అంటారేమో. తోలు ఊని చెప్పులు కుట్టిన మాదిగలే అగ్రకులాల వీధుల్లో వాటిని చేత్తో పట్టుకు నడవాల్సిన ఊళ్ళు మనవి. వాళ్ళ ఆడవాళ్ళ మడమల పగుళ్ళని చర్మవ్యాధి అని రాసి ఊరుకుంటే చరిత్ర ఎక్కడికి పోతుంది?

2018 మార్చిలో ఆ మడమలు దేశానికి కనిపించాయి. మహారాష్ట్ర రైతులు నాసిక్ నుంచి ముంబయికి దాదాపు 180 కిలోమీటర్లు నడిచారు. సాగు చేసుకుంటున్న అటవీభూమికి హక్కు అడుగుతూ వేలమంది ఆదివాసీ స్త్రీలూ నడిచారు. తోలు ఊడిన, నెర్రెలిచ్చిన వాళ్ళ పాదాల ఫోటోలు పత్రికలు వేశాయి. నగరవాసులు కొందరు చెప్పులు తెచ్చిచ్చారు. కొందరు డాక్టర్లు కట్లు కట్టారు. భూమి సంగతి ఆరు నెలల్లో తేలుస్తామని ప్రభుత్వం చెప్పింది. 2019 ఫిబ్రవరిలో వాళ్ళు నాసిక్ నుంచి మళ్ళీ నడక మొదలుపెట్టారు.