తాగితే కాలి ట్యాగ్ పట్టేస్తుంది.. కోర్టు 'మందు మానెయ్' అంటే మన దగ్గర చెక్ చేసేదెలా?

డ్రంకెన్ డ్రైవ్ కేసంటే మనకు తెలిసిన సీన్ ఒకటే. మచిలీపట్నం హైవే మీదో, గుడివాడ–పామర్రు రోడ్డులోనో పోలీసులు బండి ఆపుతారు. బ్రీత్ ఎనలైజర్ ఊదిస్తారు. కోర్టులో జరిమానా కడితే కేసు అయిపోతుంది. మరి తాగుడు? అది అలాగే ఉంటుంది. కట్టిన జరిమానా కూడా ఇంటి ఖర్చుల్లోంచి పోయిందే.

అందుకే కొన్ని దేశాల్లో కోర్టులు 'ఇన్ని రోజులు చుక్క ముట్టకూడదు' అని ఆర్డర్ వేస్తున్నాయి. మాట మీద నమ్మకుండా కాలికి ఓ పరికరం కడుతున్నాయి. దాని పేరే సోబ్రైటీ ట్యాగ్.

ఎలా పనిచేస్తుంది?

తాగిన మద్యంలో ఎక్కువ భాగం లివర్‌లోనే కరిగిపోతుంది. కొద్దిపాటి మాత్రం చెమటతో చర్మం మీదుగా బయటికొస్తుంది. చీలమండకు కట్టిన ట్యాగ్ దాదాపు ప్రతి 30 నిమిషాలకోసారి దాన్ని పరీక్షిస్తుంది. బీరు, విస్కీ, తాటికల్లు.. ఏదైనా దానికి ఒకటే. శానిటైజర్, సెంటు తగిలితే రీడింగ్ గబుక్కున పెరిగి గబుక్కున పడిపోతుంది. తాగితే నెమ్మదిగా పెరిగి, గంటల తరబడి తగ్గుతూ వస్తుంది. ఆ తేడాతోనే పట్టేస్తారు.

ఎక్కడ అమల్లో ఉంది?

అమెరికాలోని సౌత్ డకోటా 2005లో మొదలుపెట్టింది. అక్కడ రోజుకు రెండుసార్లు ఊదాలి, లేదంటే ట్యాగ్ కట్టుకోవాలి. బ్రిటన్ 2012లో చట్టం చేసి, 2014లో లండన్‌లో ట్రయల్ వేసింది. 2020 అక్టోబర్‌లో వేల్స్‌లో, 2021 మార్చిలో ఇంగ్లాండ్‌లో అమల్లోకి తెచ్చింది. ఈ ఆర్డర్ గరిష్ఠంగా 120 రోజులు.

మన చట్టం ఏమంటోంది?

మందు కట్టడి మన ప్రాంతానికి కొత్త కాదు. గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ సీఎంగా 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో దాన్ని ఎత్తేశారు. అప్పుడు తాళం పడింది షాపులకు. ఈ ట్యాగ్ మాత్రం ఒక్క మనిషికే.

ప్రస్తుతం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. తొలిసారి 6 నెలల వరకు జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే జైలు 2 ఏళ్ల వరకు ఉండొచ్చు.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. నేరస్థుడిని ప్రొబేషన్ మీద వదిలి ఆఫీసర్ పర్యవేక్షణలో పెట్టేటప్పుడు 'మత్తుకు దూరంగా ఉండాలి' అని జడ్జి షరతు పెట్టొచ్చు. 1958 ప్రొబేషన్ చట్టం సెక్షన్ 4లోనే ఈ మాట ఉంది. అంటే ఆర్డర్ వేసే అధికారం ఎప్పటి నుంచో ఉంది. మానాడో లేదో రోజూ చూసే సాధనమే లేదు.

ట్యాగ్ తెస్తే సరిపోతుందా?

అంత ఈజీ కాదు. బెయిల్ మీద ఉన్న వ్యక్తి కదలికల్ని పోలీసులు నిత్యం ట్రాక్ చేసేలా షరతు పెట్టకూడదని, అది ప్రైవసీ హక్కుకు విరుద్ధమని 2024 జూలై 8న సుప్రీంకోర్టు చెప్పింది. మందు ట్యాగ్ మనిషి ఎక్కడున్నాడో చెప్పదు. అయినా 24 గంటలూ ఒంటి మీద నిఘానే కదా!

దివిసీమలో ఇంకో చిక్కు. ట్యాగ్‌తో నీళ్లు పోసుకోవచ్చు కానీ, కాలు నీళ్లలో మునిగేలా ఉంచకూడదు. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువుల్లో దిగేవాళ్లు, వరినాట్లకు వెళ్లేవాళ్లు ఏం చేయాలి? ఆ రోజుల్లో కూలి మానుకోవాలా?

ఇది మాత్రం మర్చిపోవద్దు

మద్యానికి బానిసైపోయిన వాళ్లకు ఈ ఆర్డర్ వేయకూడదని ఇంగ్లాండ్ చట్టంలోనే ఉంది. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం లాంటివి రావొచ్చు. ప్రాణానికే ముప్పు. 'ఈరోజు నుంచి బంద్' అని గదిలో పెట్టి గడియ వేసే ఇళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. మాన్పించాల్సింది డాక్టర్ పర్యవేక్షణలోనే. ట్యాగ్ కాపలా కాస్తుంది, వైద్యం చేయదు.

మానాలనుకుంటే కోర్టు చెప్పేదాకా ఆగక్కర్లేదు. నేషనల్ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446.. టోల్‌ఫ్రీ. తాగే మనిషే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లూ ఫోన్ చేయొచ్చు.