గానుగెద్దూ, గుర్రమూ, పొడుగు పగ్గమూ

నేను రెజైనా నుంచి మాట్లాడుతున్నాను. కెనడా అనగానే టొరాంటో, వాంకూవర్ గుర్తొచ్చేవాళ్ళ కోసం చెప్తున్నాను, మాది ఆ రెంటికీ మధ్యలో, బల్లపరుపు మైదానాల్లో ఉన్న సస్కాచెవాన్ రాష్ట్ర రాజధాని. నా ఉద్యోగం కంప్యూటర్లతో. మరి గుర్రాల గురించి నీకేం తెలుసయ్యా అంటారేమో, రెండేళ్ళ క్రితం వరకూ నాకు తెలిసిన గుర్రాలు రెండే. ఒకటి చదరంగంలోది, రెండోది మా తాతగారి ఊళ్ళో రైల్వే స్టేషను బయట జట్కాకి కట్టినది.

మా అమ్మాయికి పదకొండేళ్ళు. గుర్రపు స్వారీ నేర్చుకుంటానంది. ఊరి బయట ఒక గుర్రపుశాలలో చేర్పించాం. అక్కడ దానికి ఇచ్చిన ముసలి గుర్రం గోధుమరంగుది, మహా నెమ్మదస్తురాలు. అసలు పేరేదో ఉంది గానీ మా అమ్మాయి 'బెల్లం' అని పిలుస్తుంది. ఇక్కడ జనవరిలో సున్నాకి ముప్ఫై డిగ్రీలు కిందకి పోవడం మామూలే. అప్పుడు గుర్రాలు బయట తిరిగేది తక్కువ. రోజుల తరబడి కొట్టంలో నిలబడితే కాళ్ళు బిగుసుకుంటాయి, ఒంట్లో ఉరవడి పేరుకుంటుంది. అందుకని రేకుల కప్పు ఉన్న పెద్ద షెడ్డులో, గుర్రానికి పొడుగాటి పగ్గం కట్టి, మనిషి మధ్యలో నిలబడి, తన చుట్టూ గుండ్రంగా పరిగెత్తిస్తారు. దీనికి ఇంగ్లీషులో ఉన్న పేరు తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళ ముందు గట్టిగా పలకడానికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది. తాడు అని అర్థం వచ్చే ఫ్రెంచి మాట 'లోంజ్' నుంచి వచ్చిందది. మా ఇంట్లో మాత్రం 'పొడుగు పగ్గం' అనుకుంటాం. ఈ ప్రసంగంలోనూ అదే వాడతాను.

ఒక ఆదివారం ఆ దృశ్యాన్ని వీడియో కాల్‌లో మా అమ్మకి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "అదేమిట్రా, పాపం, దాన్ని గానుగెద్దులా తిప్పుతున్నారు? కళ్ళు తిరగవూ?" అంది. నవ్వేశాను. నవ్వినందుకు రెండు వారాల్లోనే తగిన శాస్తి జరిగింది.

ఆరోజు మా అమ్మాయికి జలుబు చేసింది. బెల్లాన్ని తిప్పడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. షెడ్డులో సగం వేరేవాళ్ళు వాడుకుంటున్నారు, అందుకని పగ్గం కురచ చేసి చిన్న వలయంలో తిప్పాను. గుర్రం ఎడమ పక్క నాకు ఎదురుగా ఉండేలా తిప్పడం నాకు చేతికి అలవాటు. అలాగే ముప్ఫై అయిదు నిమిషాలు తిప్పాను, చివర్లో ఏదో మొక్కుబడికి అయిదు నిమిషాలు రెండోవైపు. పైగా తాడు జారకుండా అరచేతికి ఒక చుట్టు చుట్టుకున్నాను. అలా చుట్టకూడదని మొదటి రోజే చెప్పారు. ఇంతలో కప్పు మీది మంచు పెళ్ళున జారింది. బెల్లం బెదిరి ఒక్క ఉదుటున లాగింది. నా ఉంగరం వేలు విరిగింది. అంతకంటే బాధేమిటంటే, మర్నాటికి గుర్రం కుంటుతోంది. ఇందులో గుర్రపుశాల వాళ్ళ తప్పు వీసమెత్తు లేదు, అంతా నాదే.

వేలికి కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చున్న ఆ వారం రోజులూ మా అమ్మ అడిగిన ప్రశ్నే చెవిలో మోగింది. ఇలా గుండ్రంగా తిప్పడం గుర్రానికి మేలా, కీడా? అసలు ఎవరు, ఎప్పటినుంచి చేస్తున్నారు? జవాబు వెతుకుతూ చాలా దూరం వెనక్కి వెళ్ళాను.

గ్రీకు సేనాని జెనొఫన్ క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో గుర్రపు స్వారీ మీద చిన్న పుస్తకం రాశాడు. వలయాల్లో స్వారీ మంచి కసరత్తే అంటాడు. అయితే దవడ రెండువైపులా సమానంగా అలవాటయ్యేలా దిక్కు మార్చమంటాడు. ఇంకో మాట కూడా ఉంది. అచ్చంగా గుండ్రంగా కన్నా కోలగా సాగదీసిన వలయం మేలట. మధ్యలో కాస్త తిన్నగా పోనిస్తే, గుర్రం మళ్ళీ ఇష్టంగా మలుపు తిరుగుతుందని ఆయన అభిప్రాయం. ఇది చదివినప్పుడు నా విరిగిన వేలు కొంచెం ఎక్కువ సలిపింది.

మనవాళ్ళు తక్కువేం కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో అశ్వాధ్యక్షుడి మీద ఒక ప్రకరణం ఉంది. మైసూరు పండితుడు శామశాస్త్రిగారు ఈ గ్రంథాన్ని 1909లో అచ్చువేశారు, తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చారు. స్వారీ గుర్రాల నడకల్లో మొదటిది 'వల్గనం'. దాన్ని శామశాస్త్రిగారు వలయంగా తిరగడం అని అనువదించారు. అందులో మళ్ళీ ఆరు రకాలు. 'యమకం' అన్నది జంట వలయాల్లో పరుగు. ఇది గుర్రం మీద కూర్చుని చేసేది, పగ్గంతో కాదు. అయినా వలయానికి అంత వర్గీకరణ చేశారంటే దాని విలువ తెలిసే కదా. నన్ను ఆపేసినవి మాత్రం అదే ప్రకరణంలోని వేరే వాక్యాలు. వైద్యంలో అజాగ్రత్త వల్ల గుర్రం జబ్బు ముదిరితే చికిత్స ఖర్చుకి రెట్టింపు జరిమానా. అది చచ్చిపోతే దాని వెల మొత్తం కట్టాలి. యుద్ధం వల్లో, రోగం వల్లో, ముసలితనం వల్లో పనికి రాకుండా పోయిన గుర్రాలకి కూడా తిండి పెట్టి పోషించాలి. రెండువేల ఏళ్ళ నాటి రూల్సు ఇవి!

శాస్త్రం పుస్తకంలో ఉంటే చాలదనడానికి మన తీరాంధ్రం కథ ఒకటి ఉంది. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వెనకటి రాజులు లాక్కునేవారనీ, తాము మాత్రం ఉన్న సుంకం తప్ప ఏమీ తీసుకోమనీ దాని సారాంశం. అంటే సముద్రం మీద గుర్రాలు దిగుమతయ్యేవన్నమాట. ఆ శతాబ్దం చివర్లో ఈ తీరం వెంట వచ్చిన మార్కో పోలో, పక్కనున్న పాండ్యరాజ్యం గురించి రాస్తూ, ఏటా వేల గుర్రాలు కొంటారు గానీ ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవు, వాటిని చూసుకోవడం తెలిసినవాళ్ళే లేరు అంటాడు. విజయనగరానికొస్తే పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన ముచ్చట ఇంకా వింతైనది. సాళువ నరసింహరాయలు ఓడలో చచ్చిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే డబ్బిచ్చేవాడట. తర్వాతి కాలంలో ఏటా పదమూడువేల గుర్రాలు కొనేవారని కూడా ఆయనే రాశాడు. అన్ని గుర్రాలు అరబ్బు ఎడారుల నుంచి వచ్చి మన ఉక్కలో, మన మేతతో ఎలా బతకాలో ఎవరు ఆలోచించారో మరి.

యూరపులో పగ్గం పద్ధతికి ఒక శాస్త్రీయమైన రూపు తెచ్చినవాళ్ళలో ఫ్రాన్సు రాజు పదమూడో లూయీకి స్వారీ గురువైన ప్లువినెల్ ఒకడు. ఒక స్తంభానికి గుర్రాన్ని కట్టి, దాని చుట్టూ తిప్పుతూ నేర్పేవాడు. ఆయన చనిపోయాక 1623లో బొమ్మలతో ఆ పుస్తకం వచ్చింది. అంతకు ముందు ఇటలీ గురువులు కొట్టి, భయపెట్టి నేర్పేవారు. ప్లువినెల్ బుజ్జగింపు మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్నాడు. ఆ తర్వాత 1768లో ఫిలిప్ ఆస్ట్లీ అనే పాత అశ్వికుడు లండన్‌లో గుండ్రటి రింగులో గుర్రాలతో ఆటలు మొదలుపెట్టాడు. గుండ్రంగా పరిగెత్తే గుర్రం మీద నిలబడటం తేలికని ఆయనకి తెలుసు. ఆయన ఖాయం చేసిన నలభై రెండు అడుగుల వ్యాసమే ఇప్పటికీ సర్కస్ రింగు కొలత. చిన్నప్పుడు మనం జెమినీ సర్కస్‌లో చూసిన ఆ రింగు కొలతకి మూలం లండన్ అని నాకు మొన్నటిదాకా తెలీదు.

ఇక మా రెజైనా సంగతి. ఇక్కడి మౌంటెడ్ పోలీసుల కథ గుర్రాల చావులతోనే మొదలైంది. 1874లో సుమారు మూడువందల గుర్రాలతో వాళ్ళు మానిటోబా నుంచి పడమటికి బయల్దేరారు. తూర్పున ఒంటారియోలో పెరిగిన గుర్రాలు ఈ మైదానాల గడ్డికీ, నీళ్ళ కరువుకీ తట్టుకోలేక దారిలో కూలిపోయాయి. మార్కో పోలో చూసినదే ఇక్కడా జరిగింది, ఆరువందల ఏళ్ళ తర్వాత! 1882లో రెజైనా వాళ్ళకి కేంద్రమయింది. గుర్రాలు సంగీతానికి అనుగుణంగా వలయాలు తిరిగే 'మ్యూజికల్ రైడ్' గురించి మొదటి అధికారిక రికార్డు 1887లో, రెజైనా బ్యారక్సులోదే. ఇక్కడ చేరిన ప్రతి రిక్రూటూ 1966 దాకా స్వారీ నేర్చుకోవాల్సిందే. ఆ ఏడాది నుంచి దాన్ని తీసేశారు. మన హైదరాబాదు జాతీయ పోలీసు అకాడమీలో మాత్రం ఐ.పి.ఎస్. ట్రైనీలకి స్వారీ ఇప్పటికీ ఉంది. రెజైనాలో మానేసినది శివరాంపల్లిలో నడుస్తోందంటే నాకు భలే అనిపించింది.

మా అసెంబ్లీ భవనం ఎదుట రాణి ఎలిజబెత్ విగ్రహం ఉంది. 2005లో ఆవిడే వచ్చి ఆవిష్కరించారు. ఆవిడ కూర్చున్న నల్ల గుర్రం పేరు 'బర్మీస్'. 1962లో ఇదే రాష్ట్రంలో, ఫోర్ట్ వాల్ష్ దగ్గరి పోలీసుల క్షేత్రంలో పుట్టింది. 1969లో రాణికి బహుమతిగా వెళ్ళింది. 1981 జూన్‌లో లండన్ వీధిలో ఒక కుర్రాడు రాణి వైపు ఆరు ఉత్తుత్తి తూటాలు పేల్చాడు. బర్మీస్ ఉలిక్కిపడింది, క్షణాల్లో సర్దుకుని నడక సాగించింది. నా గుర్రం మంచు చప్పుడుకే బెదిరిందంటే, తప్పు మంచుదీ కాదు, గుర్రానిదీ కాదు. ఒంట్లో అలసట, ఒక పక్కే ఒరిగి ఒరిగి నొప్పి, చిన్న వలయం, చివర్న చేతికి తాడు చుట్టుకున్న ఒక కన్సల్టెంటు.

ఒరగడం అన్నాను కదా, అందులోనే ఉంది కిటుకు. మలుపులో స్కూటరు ఒరిగినట్టు గుర్రమూ లోపలికి ఒరగాలి. లెక్కలంటే నాకు సరదా కాబట్టి వేసి చూశాను. పది మీటర్ల వ్యాసార్థంలో, సెకనుకి మూడున్నర మీటర్ల మామూలు ట్రాట్‌లో, ఒరుగు ఏడు డిగ్రీలు. వ్యాసార్థం సగం చేస్తే పధ్నాలుగు. అదే చిన్న వలయంలో, సెకనుకి ఆరు మీటర్ల క్యాంటర్ చేయిస్తే ముప్ఫై ఆరు! అన్ని డిగ్రీలు వంగిన ఒంటి బరువు సన్నటి కాళ్ళ మీద, కీళ్ళ మీద, టెండన్ల మీద అడ్డంగా పడుతుంది. మోకాలికి కింద గుర్రానికి కండ దాదాపు ఉండదు, ఉన్నవి టెండన్లూ ఎముకలే. పెద్ద వలయంలో ఇరవై నిమిషాల ట్రాట్ అంటే అరవై ఏడు చుట్లు, నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. అందుకే అనుభవజ్ఞులు మొత్తం ఇరవై నిమిషాలు దాటనివ్వరు, అయిదేసి నిమిషాలకి దిక్కు మారుస్తారు, పిల్లగుర్రాలకైతే ఇంకా తగ్గిస్తారు.

మరి మేలు ఏమీ లేదా? ఉంది. పశువైద్యురాలు వచ్చినప్పుడు చేసిన మొదటి పనేమిటో తెలుసా అండీ? బెల్లాన్ని తిన్నగా నడిపించింది. ఏమీ కనబడలేదు. తర్వాత పొడుగు పగ్గం కట్టి, వెడల్పాటి వలయంలో, మెల్లగా, ఎడమవైపు తిప్పింది. అప్పుడు ముందు ఎడమకాలు పడ్డప్పుడల్లా తల పైకెగరడం నాకే కనబడింది. కుడివైపు తిప్పితే చాలా తక్కువ. ఏ పద్ధతితో దెబ్బ తగిలించానో, ఆ పద్ధతే దెబ్బెక్కడుందో చూపించింది. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తవాళ్ళని నెలల తరబడి పగ్గం మీద, రికాబులు లేకుండా, కళ్ళెం పట్టనివ్వకుండా కూర్చోబెట్టి నేర్పుతారట. మా అమ్మాయి కూడా అలాగే నేర్చుకుంది. గురువు చేతిలో పగ్గం ఉంటుంది కాబట్టి పిల్లకి నడుము నిలిపే పని ఒక్కటే. ఇప్పుడది చేతులు చాచి, కళ్ళు మూసుకుని కూర్చోగలదు. నాకు మాత్రం కడుపులో దూదేస్తుంది.

బెల్లానికి ఆరు వారాలు విశ్రాంతి ఇచ్చాం. మొదట్లో చేత్తో పట్టుకుని రోజుకి పది నిమిషాల నడక, అంతే. వైద్యురాలి బిల్లు నేనే కట్టాను, కౌటిల్యుడి రేటుకి మాత్రం రాలేదులెండి. మార్చిలో తగ్గింది. అయినా వయసు పైబడింది కదా, ఇక పిల్లల పాఠాలకి పెట్టొద్దనుకున్నారు గుర్రపుశాలవాళ్ళు. మేతకి అయ్యే ఖర్చులో కొంత మేం నెలనెలా ఇస్తున్నాం. మా అమ్మాయి హోమ్‌వర్క్ పూర్తి చేశాక వెళ్ళి దువ్వుతుంది, కాసేపు నడిపిస్తుంది, వారానికి ఒకసారి వెడల్పాటి వలయంలో పదిహేను నిమిషాలు తిప్పుతుంది. తొడుగుల్లేకుండా తాడు ముట్టుకోనివ్వదు నన్ను. తాడుని మడతలుగా పట్టుకుంటుంది, చుట్టలుగా కాదు.

ఆదివారం ఫోను చేస్తే మా అమ్మ ఇదివరకు నా భోజనం గురించి అడిగేది. ఇప్పుడు ముందు అడిగేది, "ఇవాళ ఎటువైపు మొదలుపెట్టార్రా? రెండోవైపు కూడా అన్ని చుట్లే తిప్పారా?" అని. మా అమ్మాయి పక్కనుంచి లెక్క అప్పజెబుతుంది.